ర్యాంకెంత, ఇంటిపేరేంటి?

హాస్టల్లో మొదటి వారం కొత్తవాళ్లకు ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు ఇవే: ఏ ఊరు, ఇంటిపేరేంటి, ర్యాంకెంత? పైకి మామూలు పరిచయమే. కానీ ర్యాంకు చెప్పగానే సీటు ఏ కోటాలో వచ్చి ఉంటుందో ఎదుటివాళ్లు అంచనా కట్టేస్తారు. ఇంకేమైనా అనుమానం మిగిలితే ఇంటిపేరు తీర్చేస్తుంది. మర్నాటి నుంచి ఒకరిని పేరుతో, మరొకరిని కోటా పేరుతో పిలవడం మొదలవుతుంది. మెస్‌లో ఒక బల్ల దగ్గర ఆ రెండోవాళ్లకు చోటు ఉండదు. ఎవరూ చేయి చేసుకోలేదు కదా, ఇందులో ర్యాగింగ్ ఏముంది, ఇంట్రో తీసుకున్నారంతే అని సీనియర్లు అంటారు. కొందరు లెక్చరర్లూ అదే మాట అంటారు.

చట్టం మాత్రం అలా అనడం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. దాని ప్రకారం దెబ్బ తగలాల్సిన పని లేదు. తోటి విద్యార్థికి అవమానమో భయమో కలిగించే పని, కలిగించే అవకాశమున్న పని ఏదైనా ర్యాగింగే. ఏడిపించి అవమానించినా ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. కొట్టినా బెదిరించినా ఏడాది దాకా, గదిలో నిర్బంధించినా గాయపరిచినా రెండేళ్ల దాకా పడొచ్చు. ఫిర్యాదు అందాక కూడా చర్య తీసుకోని ప్రిన్సిపాల్ నేరానికి తోడ్పడినట్టే లెక్క. ఈ చివరి నిబంధన గురించి మన కాలేజీల్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. గోడ మీద బోర్డులన్నీ విద్యార్థులనే హెచ్చరిస్తుంటాయి.

2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని టాండా వైద్య కళాశాలలో అమన్ కచ్రూ అనే మొదటి సంవత్సరం విద్యార్థి సీనియర్ల దెబ్బలకు చనిపోయాడు. అప్పటికి రెండేళ్ల ముందే, సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పాటైన ఆర్.కె. రాఘవన్ కమిటీ ర్యాగింగ్ ఆపడానికి ఏం చేయాలో చెప్పింది. ఆ కుర్రాడు పోయాకే దేశమంతటికీ పనిచేసే హెల్ప్‌లైన్ (1800-180-5522), విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలు వచ్చాయి. 2016లో ఆ నిబంధనలను సవరించి, కులం, మతం, రంగు, ప్రాంతం, భాష, లింగం, రూపం, ఆర్థిక స్థితి వంటివాటి పేరుతో ఒక విద్యార్థిని శారీరకంగా, మానసికంగా వేధించడాన్ని, వెలివేసినట్టు చూడడాన్ని కూడా ర్యాగింగ్‌లో చేర్చారు. మెస్‌లో చోటు లేకుండా చేయడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

వివక్ష సీనియర్ల దగ్గర నుంచే రావాలనేమీ లేదు. పాఠం మధ్యలో ఆఫీసు నుంచి ఒకరొచ్చి, స్కాలర్‌షిప్ కాగితాల కోసం ఫలానా కులాల వాళ్లు లేచి నిలబడండి అంటారు. అరవై మంది ముందు పదిహేను మంది నిలబడతారు. ఆ ఉద్యోగికి దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ అంతవరకు పక్కబల్ల మీది స్నేహితుడికి తెలియనిది ఆ క్షణంలో తెలిసిపోతుంది. ఉన్నత విద్యాసంస్థల్లో సమానత్వం గురించి యూజీసీ 2012లో తెచ్చిన నిబంధనలు తరగతిలో విద్యార్థుల కులాలను బయటికి చెప్పడాన్నీ, రిజర్వేషన్ అభ్యర్థులని ముద్ర వేయడాన్నీ వివక్షగానే లెక్కించాయి. ఒక నోటీసు, విడివిడిగా మెసేజ్ పంపితే అయిపోయే పనికి ఇంత అవమానం ఎందుకు?

ఇక నివారణ అనగానే చాలా కాలేజీలకు గుర్తొచ్చేది అడ్మిషన్ రోజున తీసుకునే హామీపత్రం. ఫీజు కౌంటర్ దగ్గర వరుసలో నిలబడి తల్లిదండ్రులు చదవకుండానే సంతకం పెడతారు. అది ఫైల్లోకి వెళుతుంది, కాలేజీ బాధ్యత తీరిపోయిందనుకుంటుంది. నిజానికి అసలు పని ఆ తర్వాతే మొదలవ్వాలి. మొదటి మూడు నెలలు పదిహేను రోజులకోసారి పేర్లు అడగకుండా ఫ్రెషర్ల మధ్య సర్వే చేయాలి. యాంటీ ర్యాగింగ్ స్క్వాడ్ చెప్పకుండా హాస్టళ్లకు వెళ్లాలి. నేరం జరిగినట్టు తేలితే కాలేజీ అధిపతే ఇరవై నాలుగు గంటల్లో పోలీసులకు ఫిర్యాదు చేయాలి. జూనియర్లను రాత్రుళ్లు వాట్సాప్ గ్రూపుల్లో చేర్చుకుని వేధించడమూ ర్యాగింగేనని యూజీసీ 2025లో స్పష్టం చేసింది. ఆ గ్రూపు వార్డెన్‌కు కనబడదు. అందుకే పేరు లేని సర్వే కీలకం. అందులో పిల్లలు నోటితో చెప్పలేనిది రాస్తారు.

నోరెందుకు మెదపరు? ఇంటర్నల్ మార్కులు, ల్యాబ్ రికార్డు మీద సంతకం, నాలుగేళ్లు ఒకే కారిడార్‌లో బతకాల్సి రావడం. ఫిర్యాదు చేశాక చాలాచోట్ల గది మారేది బాధితురాలే. లైంగిక వేధింపుల విషయంలో 2015 యూజీసీ నిబంధనలు ఈ భయాన్ని నేరుగా పట్టించుకున్నాయి: విచారణ సాగుతుండగా ఆరోపణ ఎదుర్కొంటున్న అధ్యాపకుడు ఆమె పరీక్షలు, ప్రాజెక్టులు దిద్దకుండా ఆపవచ్చు, ఆయన్నే వేరే విభాగానికి పంపవచ్చు. విద్యార్థులకు సంబంధించిన కేసైతే విచారణ కమిటీలో విద్యార్థి ప్రతినిధులు కూడా ఉండాలి. కులం పేరిట వేధింపుల కేసుల్లోనూ ఇదే రక్షణ ఉండి తీరాలని నా అభిప్రాయం. మార్కులు వేసే చెయ్యి ఎవరిదో తెలిసినప్పుడు ధైర్యంగా ఉండమని పిల్లకు చెప్పడం అన్యాయం.

పిల్లల్ని చేర్చడానికి వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ల గురించి ఎలాగూ అడుగుతాం. అదే కుర్చీలో కూర్చుని ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగొచ్చు. పోయినేడాది ఫ్రెషర్ల సర్వేలు ఎన్నిసార్లు జరిగాయి? స్క్వాడ్ హాస్టల్‌కు చివరిసారి ఏ రాత్రి వెళ్లింది? పని చేస్తున్న కాలేజీ అయితే రిజిస్టరు తీసి చూపిస్తుంది.