బొగ్గుబాయి నుంచి మంచుగుహకు!

మే నెలలో మందమర్రి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా! పైన 45 డిగ్రీలు దాటే ఎండ, కింద నిప్పుల కొలిమిలా ఓపెన్‌కాస్టు. షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మనిషిని ‘ఈసారి సెలవులకు ఎక్కడికెళ్దాం?’ అని పిల్లలడిగితే వచ్చే మొదటి జవాబు ‘ఎక్కడైనా సరే... చల్లగా ఉండాలి’ అనే. ఊటీ, కొడైకెనాల్ చూసేసినవాళ్ల చూపు ఈమధ్య ఇంకాస్త పైకి, ఉత్తరానికి మళ్లుతోంది. రిషీకేశ్ దాటి, గంగోత్రి దాటి, గంగమ్మ పుట్టే మంచుగుహ దాకా!

గోముఖ్... 30 కిలోమీటర్ల పొడవున్న గంగోత్రి హిమానీనదం కొస అది. మన ఊరి నుంచి అక్కడికి వెళ్లడం అనుకున్నంత కష్టమేమీ కాదు. అలాగని మూటాముల్లె సర్దుకుని అప్పటికప్పుడు రైలెక్కితే అయ్యే పనీ కాదు. ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి, ఏం జాగ్రత్తలు పడాలి... అన్నీ చూద్దాం. అంతకన్నా ముందు మందమర్రి వాళ్లు మాత్రమే గర్వంగా చెప్పుకోగల ఒక సంగతి ఉంది.

మన కాళ్లకిందే మంచు!

సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట ఈ గోదావరి లోయ అంతా హిమానీనదాల రాజ్యం. నమ్మబుద్ధి కాదు కానీ నిజం. అప్పట్లో భారతదేశం ఇప్పుడున్న చోట లేదు. ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో అతుక్కుని దక్షిణ ధ్రువానికి దగ్గర్లో ఉండేది. ఆ మహాఖండం పేరు గోండ్వానా. అంటే గోండుల నేల! మన ఆదిలాబాద్ అడవుల నుంచి మధ్యభారతం దాకా విస్తరించిన గోండుల పేరునే భూగర్భ శాస్త్రవేత్తలు 1870ల్లో ఇక్కడి శిలలకు పెట్టారు. తర్వాత ఆ పేరే మహాఖండానికీ స్థిరపడిపోయింది.

ఆ మంచు కరిగి వెనక్కి తగ్గుతూ తాను మోసుకొచ్చిన రాళ్లనూ బురదనూ ఇక్కడే వదిలేసింది. నది అయితే రాళ్లను జల్లెడ పట్టినట్టు బరువైనవి ఒకచోట, తేలికైనవి ఇంకోచోట పరుస్తుంది. హిమానీనదానికి ఆ తేడా లేదు. పెద్ద బండ, గులకరాయి, పిండిలాంటి బురద అన్నీ కలగలిపి కుమ్మరిస్తుంది. అలాంటి పొరలను ఒడిశాలోని తాల్చేర్ ప్రాంతంలో బ్లాన్‌ఫోర్డ్ సోదరులు, వారి సహచరుడు థియోబాల్డ్ గుర్తించి, 1856లో నివేదిక ప్రచురించారు. ఎండలు మండే మనదేశంలో ఒకప్పుడు మంచు పరుచుకుని ఉండేదంటే ఆనాటి పండితులు ఆశ్చర్యపోయారు. ఆ పొరల్నే ఇప్పుడు తాల్చేర్ శిలలంటున్నారు. గోదావరి లోయ పడమటి అంచున అవి అక్కడక్కడా పైకి కనిపిస్తాయి. మిగతాచోట్ల మన బొగ్గుపొరలకు అడుగున ఉంటాయి.

అవును, బొగ్గుకు అడుగునే! మంచు తొలగిన తడినేలల్లో గ్లోసోప్టెరిస్ అనే చెట్ల అడవులు పెరిగాయి. నాలుకలాంటి ఆకులుండే ఆ చెట్లు చిత్తడిలో కూలి, మట్టికింద పడి, కోట్ల ఏళ్ల ఒత్తిడికి బొగ్గయ్యాయి. 1871లో ఇల్లెందు దగ్గర డాక్టర్ విలియం కింగ్ గుర్తించిందీ, నేడు కేకే-5లో, కాసిపేటలో మనవాళ్లు తవ్వుతున్నదీ ఆ గోండ్వానా బొగ్గే. హిమానీనదం వెళ్లిపోతూ ఖాళీచేసిన ఇంట్లో పుట్టిన బిడ్డ మన నల్లబంగారం!

దారిలోనే ఓ గీతల బండ

మంచు నడిచిన అడుగుజాడలు చూడాలంటే హిమాలయం దాకా పోనక్కర్లేదు. ఢిల్లీ వెళ్లే రైలు మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ దాటి మహారాష్ట్రలోకి వెళ్తుంది. బల్లార్షా తర్వాత వచ్చేది చంద్రపూర్. దానికి పడమరగా పెన్‌గంగ ఒడ్డున ఇరయి అనే ఊరుంది (అదే పేరున్న నదీ, డ్యామూ వేరు). 1870ల్లో జియలాజికల్ సర్వే ఉద్యోగి ఫ్రాన్సిస్ ఫెడ్డెన్ అక్కడ నున్నగా సానబట్టినట్టున్న సున్నపురాతి బండను చూశారు. దానిమీద గోళ్లతో గీరినట్టు ఒకే దిక్కుగా గీతలు! హిమానీనదం అడుగున ఇరుక్కున్న రాళ్లు బండను రాసుకుంటూ పోయినప్పుడు పడ్డ చారలవి. మన ఆదిలాబాద్ సరిహద్దు నదే ఆ చారల్ని దాచిపెట్టుకుంది. గోముఖ్ దగ్గర జరుగుతున్న పనికి ఇది 30 కోట్ల ఏళ్లనాటి సాక్ష్యం.

ఎప్పుడు బయల్దేరాలి?

గంగోత్రి ఆలయం అక్షయ తృతీయకు తెరుచుకుంటుంది. దీపావళి మర్నాడు అన్నకూట్ రోజున మూతపడుతుంది. ఈ ఆరు నెలల్లో అన్నిరోజులూ ఒకటి కావు.

మే, జూన్ నెలల్లో పిల్లలకు సెలవులు కలిసొస్తాయి. కానీ చార్‌ధామ్ రద్దీ మొత్తం అప్పుడే. మే మొదట్లో కాలిబాటమీద ఇంకా మంచు మిగిలి ఉండొచ్చు. జులై, ఆగస్టుల్లో అసలు పెట్టుకోవద్దు. వానలకు కొండచరియలు విరిగిపడతాయి. 2025 ఆగస్టు 5న గంగోత్రి దారిలోని ధరాలీ గ్రామంమీద బురద వరద విరుచుకుపడి ఇళ్లనూ హోటళ్లనూ ముంచెత్తిన దృశ్యాలు టీవీల్లో చూసినవాళ్లెవరూ మరిచిపోలేరు.

మనకు అన్నివిధాలా అనువైనది దసరా, దీపావళి మధ్యకాలం. వానలు తగ్గి ఆకాశం తేటగా ఉంటుంది. రద్దీ పలచబడుతుంది. పైగా సింగరేణి ఇళ్లలో లాభాల వాటా, పండుగ బోనస్ చేతిలో ఆడేదీ ఆ రోజుల్లోనే! ఎల్టీసీ వాడుకోవాలనుకునేవాళ్లు సెలవు కాగితం ముందే పెట్టుకుంటే సరి. ఒక్కటే ఇబ్బంది... చలి. అక్టోబరు రాత్రుల్లో పైన నీళ్లు గడ్డకడతాయి.

పద్నాలుగు రోజుల లెక్క

మంచిర్యాల నుంచి ఢిల్లీకి రైల్లో దాదాపు ఒక రోజు. అక్కడి నుంచి హరిద్వార్ ఐదారు గంటలు. కొండదారి రిషీకేశ్ నుంచి మొదలవుతుంది. అక్కణ్నుంచి గంగోత్రికి సుమారు 250 కిలోమీటర్లు. కిలోమీటర్లు చూసి ఒక్కరోజులో వెళ్లిపోవచ్చు అనుకోవద్దు. మలుపుల రోడ్డు, పైగా మన ఒంటికి ఎత్తు అలవాటు కావాలి.

• 1, 2 రోజులు: మంచిర్యాల నుంచి ఢిల్లీ మీదుగా హరిద్వార్.

• 3వ రోజు: హరిద్వార్, రిషీకేశ్‌లో విశ్రాంతి, గంగాహారతి.

• 4వ రోజు: ఉత్తరకాశీ. సముద్రమట్టానికి 1,150 మీటర్ల పైన ఉంటుంది.

• 5వ రోజు: హర్సిల్. దేవదారు అడవుల మధ్య ఊరు. రాత్రి అక్కడే బస.

• 6, 7 రోజులు: గంగోత్రి, సుమారు 3,100 మీటర్లు. రెండు రాత్రులు తప్పనిసరిగా ఆగాలి.

• 8వ రోజు: కాలినడకన చీర్‌బాసా మీదుగా భోజ్‌బాసా, 14 కిలోమీటర్లు.

• 9వ రోజు: అక్కణ్నుంచి 4 కిలోమీటర్లు నడిచి గోముఖ్, తిరిగి భోజ్‌బాసా.

• 10వ రోజు: గంగోత్రికి దిగడం.

• 11 నుంచి 14: తిరుగు ప్రయాణం.

ఏ కొండచరియో అడ్డం పడితే ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. కాబట్టి తిరుగు టికెట్టు, సెలవు రెండూ కాస్త వెసులుబాటుతో పెట్టుకోండి.

రెండు అనుమతులు మరవొద్దు. చార్‌ధామ్ యాత్రికులందరూ ఉత్తరాఖండ్ పర్యాటకశాఖ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. గంగోత్రి దాటి గోముఖ్ వైపు నడవాలంటే నేషనల్ పార్కు అధికారుల పర్మిట్టు వేరే ఉండాలి. రోజుకు 150 మందినే పంపుతారు. మన ఇంట్లో నలుగురం వెళ్తున్నామంటే ఆ రోజు కోటాలో నాలుగు చోట్లు దొరకాలన్నమాట. అది ఖాయం చేసుకున్నాకే మిగతా లెక్కలు వేసుకోండి.

ఊపిరి సంగతి ముందు!

మందమర్రి సముద్రమట్టానికి రెండొందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. గోముఖ్ సుమారు 4 వేల మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మైదానంతో పోలిస్తే 60 శాతమే. ఎంత బలశాలికైనా తలనొప్పి, వాంతులు, నిద్రపట్టకపోవడం రావచ్చు. 3 వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని వైద్యులు చెబుతారు. గంగోత్రి నుంచి భోజ్‌బాసా అంతకంటే ఎక్కువ ఎత్తే. అందుకే గంగోత్రిలో రెండు రాత్రులు. తలనొప్పి ముదిరినా, తూలినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా ఒకటే మందు... వెంటనే కిందికి దిగిపోవడం. ‘ఇంత దూరం వచ్చాం కదా’ అన్న మొండితనం ప్రాణాలమీదకు తెస్తుంది.

ఏళ్లతరబడి భూగర్భ గనిలో పనిచేసినవాళ్లు ఇంకాస్త ఆలోచించాలి. బొగ్గుదుమ్ము పీల్చిన ఊపిరితిత్తులకు పల్చటి గాలి పరీక్షే. దగ్గు, ఆయాసం, గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు టికెట్టు తీసుకోకముందే డాక్టరుకు చూపించుకోవాలి. ఎత్తుకు వేసుకునే మాత్రలూ డాక్టరు చెబితేనే.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు గంగోత్రిలోనే ఆగినా నష్టంలేదు. ఆలయం, సూర్యకుండ్ జలపాతం, పక్కనే హోరుమనే భాగీరథి చాలు. ఆ నీళ్లు తేటగా ఉండవు, గమనించండి. బూడిద కలిపిన పాలలా ఉంటాయి. హిమానీనదం తిరగలిలా రాళ్లను విసిరిన పిండి అది. గోదావరి లోయ అడుగున రాయిగా మారిన సన్నటి బురదా ఒకప్పుడు ఇలాంటిదే!

తెల్లగా ఉండదు మరి...

గోముఖ్ చేరగానే చాలామంది నిరాశపడతారు. సినిమాల్లోలా తళతళలాడే మంచు కనిపించదు. రాళ్లూ మట్టీ కప్పేసిన బూడిదరంగు దిబ్బలు. మన ఓపెన్‌కాస్టు చుట్టూ ఉండే ఓబీ కుప్పలు చూసిన కళ్లకు భలే తెలిసిన దృశ్యం! ఆ దిబ్బ కొసన నీలిరంగు మంచుగోడ, దానికింద గుహ, అందులోంచి పరవళ్లు తొక్కే నది. గోడకు దూరంగానే నిలబడాలి. బండలంత మంచుగడ్డలు ఎప్పుడు విరిగిపడతాయో ఎవరూ చెప్పలేరు.

మీ తాతగారు అక్కడికి వెళ్లి ఉంటే గోముఖ్‌ను చూసింది ఈ చోట కాదు, ఇంకా కిందనే. 1935లో జియలాజికల్ సర్వేకు చెందిన జె.బి. ఆడెన్ ఆ మంచుకొస పటం గీశారు. అప్పటినుంచి అది ఒకటిన్నర కిలోమీటర్లకు పైగా వెనక్కి జరిగింది. డెహ్రాడూన్‌లోని వాడియా హిమాలయ భూగర్భ సంస్థ శాస్త్రవేత్తలు 2016లో చీర్‌బాసా దగ్గర గాలిలోని మసిని కూడా కొలిచారు. అడవుల మంటల నుంచీ, పొలాల్లో తగలబెట్టే కొయ్యకాళ్ల నుంచీ మసి అంత ఎత్తుకూ చేరుతోంది. మంచుమీద మసి పడితే ఎండ వేడిని ఎక్కువగా పీల్చుకుంటుంది. నల్లచొక్కా వేసుకుని ఎండలో నిలబడ్డట్టే!

అసలు కారణం మాత్రం భూమి వేడెక్కడం. ఇక్కడే మందమర్రి వాళ్లు ఒక్క క్షణం ఆగాల్సిన మాట ఉంది. టన్ను బొగ్గు కాలిస్తే గాలిలోని ఆక్సిజన్ కూడా తోడై సుమారు ఒకటిన్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. సింగరేణి 2023-24లో తవ్వింది 7 కోట్ల టన్నులు. దేశమంతా, ప్రపంచమంతా కాల్చేదాంట్లో ఇది చిన్నభాగమే. కానీ లెక్కలో మనమూ ఉన్నాం. హిమాలయ దేశాల ఉమ్మడి సంస్థ ఐసీమోడ్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఇలాగే పొగ వదులుతూపోతే ఈ శతాబ్దం చివరికి హిమాలయ ప్రాంత హిమానీనదాలు 80 శాతం దాకా కరిగిపోవచ్చు. వేడిని రెండు డిగ్రీల లోపు ఆపగలిగితే సగమైనా మిగులుతాయి.

అలాగని గని కార్మికుణ్ని దోషిలా నిలబెట్టడం న్యాయం కాదు. అతను కడుపుకోసం తవ్వాడు. ఆ బొగ్గుతో ఊళ్లలో దీపాలు వెలిగాయి, మోటార్లు తిరిగాయి, ఆసుపత్రులు నడిచాయి. బొగ్గు తరిగాక ఈ ఊళ్లు దేనిమీద బతకాలన్నది హిమానీనదం ఎంత మిగులుతుందన్న ప్రశ్నకు తీసిపోని ప్రశ్న. సింగరేణి సంస్థే మందమర్రిలో సౌరవిద్యుత్ ప్లాంటు పెట్టింది. ఆ దారి ఎంత విశాలమైతే ఈ రెండు ప్రశ్నలకూ అంత మంచిది.

ఏం తేవాలి అక్కణ్నుంచి?

గంగాజలం ఎలాగూ తెస్తారు. ఆ సీసాలు తప్ప పట్టుకెళ్లిన ప్రతి ప్లాస్టిక్ కవరూ, బిస్కెట్ కాగితమూ తిరిగి సంచిలోనే తెచ్చుకోండి. మంచు పక్కన పడేస్తే అక్కడ ఎత్తేవాళ్లుండరు. బాటపక్కన ఏరుకోవాలనిపించే గులకరాళ్లనూ అక్కడే వదిలేయండి. అవి పార్కు సొత్తు.

పిల్లలకు మాత్రం ఒక పని అప్పగించండి. మంచుగోడ ఎక్కడుందో చెప్పేలా, దూరంగా ఓ పెద్దబండ కూడా పడేలా ఒక ఫొటో తీయమనండి. వెనక తేదీ రాయించి ఆల్బమ్‌లో పెట్టండి. ఇరవై ఏళ్ల తర్వాత వాళ్లు తమ పిల్లల్ని తీసుకుని మళ్లీ అక్కడే నిలబడినప్పుడు, మంచు ఎంత వెనక్కి జరిగిందో ఆ ఫొటోయే చెబుతుంది.