విశ్వవిద్యాలయాలలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారం

విశ్వవిద్యాలయాలలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారం అనగా ప్రవేశాలు, ఫీజులు, పరీక్షలు, మూల్యాంకనం, వసతి గృహాలు, క్రమశిక్షణ చర్యలు మొదలైన విషయాలలో తమకు అన్యాయం జరిగినదని భావించిన విద్యార్థుల మొర విని, విచారించి, నిర్ణయం తెలిపే వ్యవస్థ. యు.జి.సి.గా వ్యవహరించే విశ్వవిద్యాలయ నిధుల సంఘం భారతదేశంలో ఇందుకోసం 2012, 2019, 2023 సంవత్సరాలలో నిబంధనలు జారీ చేసింది. 2023 నిబంధనల ప్రకారం ఈ వ్యవస్థలో రెండు అంచెలున్నాయి. మొదటిది విద్యాసంస్థలోనే ఉండే విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ, రెండవది దానిపై అప్పీలు వినే అంబుడ్స్‌పర్సన్. వీటికి తోడు సమాచార హక్కు చట్టం, సుప్రీంకోర్టు తీర్పులు కూడా విద్యార్థుల హక్కులను నిర్ణయించడంలో ముఖ్య పాత్ర వహిస్తున్నాయి.

అసంతృప్తికి మూలాలు

విద్యార్థుల అసంతృప్తికి తక్కువ మార్కులు, అధిక ఫీజులు మాత్రమే కారణం కావు. న్యాయభావనపై పరిశోధన చేసిన సామాజిక శాస్త్రవేత్తలు ఇందులో మూడు అంశాలను వేరు చేసి చూపారు. మొదటిది ఫలితంలో న్యాయం, అనగా ఎవరికి రావలసినది వారికి దక్కినదా అనేది. రెండవది ప్రక్రియలో న్యాయం, అనగా నిర్ణయానికి ముందు తన వాదన విన్నారా, అందరికీ ఒకే నియమం వర్తించినదా అనేది. మూడవది ప్రవర్తనలో న్యాయం, అనగా నిర్ణయం తెలిపినవారు మర్యాదగా మాట్లాడి కారణం చెప్పారా అనేది.

జాన్ థిబో, లారెన్స్ వాకర్ అనే అమెరికన్ పరిశోధకులు 1975లో ప్రచురించిన గ్రంథం ప్రక్రియా న్యాయంపై అధ్యయనాలకు పునాది వేసింది. తమ మాట చెప్పుకొనే అవకాశం లభించినవారు, ఫలితం ప్రతికూలంగా వచ్చినప్పటికీ దానిని న్యాయమైనదిగా అంగీకరించే అవకాశం ఎక్కువని ఈ కోవకు చెందిన అధ్యయనాలు సూచించాయి. విశ్వవిద్యాలయాలకు ఈ విషయం ప్రత్యేకంగా వర్తిస్తుంది. మార్కులు వేసేది, హాజరు లెక్కించేది, ప్రవర్తనా ధృవపత్రం ఇచ్చేది, ఫిర్యాదు విచారించేది కూడా ఒకే సంస్థ కావడం వలన విద్యార్థి ఎదురు మాట్లాడేందుకు వెనుకాడుతాడు. పరిశోధక విద్యార్థి విషయంలో ఈ ఆధారపడటం మరింత ఎక్కువ. అతని సిద్ధాంత గ్రంథం ముందుకు సాగడం చాలావరకు పర్యవేక్షకుని ఆమోదంపై ఆధారపడి ఉంటుంది.

ఫిర్యాదుల పరిధి

2023 నిబంధనలు ఫిర్యాదు అనే పదానికి విస్తృతమైన అర్థం ఇచ్చాయి. అందులో ముఖ్యమైనవి ఇవి:

* ప్రతిభా క్రమానికి విరుద్ధంగా ప్రవేశాలు జరపడం, ప్రవేశ ప్రక్రియలో అక్రమాలు
* వివరణ పత్రికలో తప్పుడు సమాచారం ఇవ్వడం
* ప్రకటించిన ఫీజు కంటే అధికంగా వసూలు చేయడం
* చదవదలచుకోని కోర్సుకు ఫీజు రాబట్టేందుకు అసలు ధృవపత్రాలను తమ వద్ద ఉంచుకోవడం
* రిజర్వేషన్ నియమాల ఉల్లంఘన
* ఉపకార వేతనాల చెల్లింపులో జాప్యం
* పరీక్షల నిర్వహణలో, ఫలితాల ప్రకటనలో జాప్యం
* పారదర్శకత లేని, న్యాయవిరుద్ధమైన మూల్యాంకనం
* షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, ఇతర వెనుకబడిన తరగతులు, మహిళలు, అల్పసంఖ్యాక వర్గాలు, వికలాంగులైన విద్యార్థుల పట్ల వివక్ష
* విద్యార్థులకు కల్పిస్తామన్న సదుపాయాలు కల్పించకపోవడం

ర్యాగింగ్, లైంగిక వేధింపులకు వేరే నిబంధనలున్నాయి. ర్యాగింగ్‌పై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ప్రత్యేక చట్టం చేసింది. యు.జి.సి. 2009లో ర్యాగింగ్ నిరోధక నిబంధనలను, 2015లో లైంగిక వేధింపుల నివారణ నిబంధనలను జారీ చేసింది.

పరిష్కార విధానం

కమిటీకి ఒక ప్రొఫెసర్ అధ్యక్షత వహిస్తారు. నలుగురు ప్రొఫెసర్లు లేదా సీనియర్ అధ్యాపకులు సభ్యులుగా ఉంటారు. చదువులో, క్రీడలలో లేదా ఇతర కార్యక్రమాలలో ప్రతిభ చూపిన ఒక విద్యార్థిని ప్రత్యేక ఆహ్వానితునిగా నియమిస్తారు. అధ్యక్షులు, సభ్యులలో కనీసం ఒకరు మహిళ అయి ఉండాలి. అట్లే కనీసం ఒకరు షెడ్యూల్డు కులం, షెడ్యూల్డు తెగ లేదా ఇతర వెనుకబడిన తరగతికి చెందినవారై ఉండాలి. అధ్యక్షుల, సభ్యుల పదవీకాలం రెండేళ్ళు, విద్యార్థి ఆహ్వానితుని కాలం ఒక సంవత్సరం.

విద్యార్థులు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసేందుకు ప్రతి సంస్థ ఒక పోర్టల్ ఏర్పాటు చేయాలి. ఆ విధంగా అందిన ఫిర్యాదును సంస్థ తన వ్యాఖ్యలతో 15 రోజులలోగా కమిటీకి పంపాలి. కమిటీ విచారణ తేదీని నిర్ణయించి ఇరుపక్షాలకు తెలియజేస్తుంది. విద్యార్థి స్వయంగా హాజరు కావచ్చు లేదా తన తరఫున ప్రతినిధిని పంపవచ్చు. కమిటీ తన నివేదికను సంబంధిత అధికారికి పంపి, దాని ప్రతిని విద్యార్థికి ఇవ్వాలి. ఇందుకు సూచించిన గడువు 15 పనిదినాలు.

కమిటీ నిర్ణయంతో తృప్తి చెందని విద్యార్థి, అది అందిన 15 రోజులలోగా అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ప్రజల ఫిర్యాదులు విచారించే అధికారిగా అంబుడ్స్‌మన్ పదవి 1809లో స్వీడన్‌లో ఏర్పడింది. ఆ పేరే కొద్ది మార్పుతో ఇక్కడికి వచ్చింది. విశ్రాంత ఉపకులపతి గాని, పదేళ్ళు ప్రొఫెసర్‌గా పనిచేసి డీన్ లేదా శాఖాధిపతి బాధ్యతలు నిర్వహించిన విశ్రాంత ప్రొఫెసర్ గాని, మాజీ జిల్లా న్యాయమూర్తి గాని ఈ పదవికి అర్హులు. పదవీకాలం మూడేళ్ళు లేదా 70 సంవత్సరాల వయస్సు వచ్చేవరకు, ఏది ముందైతే అది. అప్పీలును 30 రోజులలో పరిష్కరించడానికి అంబుడ్స్‌పర్సన్ ప్రయత్నించాలి.

మార్కులు తిరిగి లెక్కించమనీ, జవాబు పత్రాన్ని మళ్ళీ దిద్దమనీ కోరే అప్పీళ్ళను అంబుడ్స్‌పర్సన్ సాధారణంగా స్వీకరించరు. ఫలితాన్ని ప్రభావితం చేసిన నిర్దిష్టమైన అక్రమాన్ని గాని, వివక్షను గాని విద్యార్థి ఎత్తి చూపినప్పుడే అవి విచారణకు వస్తాయి. కనుక ఇటువంటి అప్పీలులో మార్కులు తగ్గాయని చెప్పడం చాలదు. ఏ నియమం ఎక్కడ తప్పారో చూపవలసి ఉంటుంది.

జవాబు పత్రాలు - సమాచార హక్కు

2011 ఆగస్టు 9న సుప్రీంకోర్టు ఆదిత్య బందోపాధ్యాయ కేసులో ముఖ్యమైన తీర్పు వెలువరించింది. దిద్దిన జవాబు పత్రం 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం సమాచారమేననీ, తన పత్రాన్ని చూసుకొనే, నకలు పొందే హక్కు అభ్యర్థికి ఉన్నదనీ కోర్టు నిర్ణయించింది. దిద్దినవారి పేర్లు మాత్రం వెల్లడించనవసరం లేదు, వారి భద్రతకు ముప్పు కలుగవచ్చునన్నది ఇందుకు కారణం. పరీక్షా సంస్థ తన నియమాల ప్రకారం పత్రాలను భద్రపరచే కాలంలోనే ఈ హక్కు పనిచేస్తుంది. అందువలన దరఖాస్తు ఆలస్యమైతే పత్రమే మిగలకపోవచ్చు.

పత్రం చూసే హక్కు, దానిని తిరిగి దిద్దించుకొనే హక్కు ఒకటి కావు. నియమాలలో రీవాల్యుయేషన్‌కు అవకాశం లేనిచోట దానిని హక్కుగా కోరజాలరని సుప్రీంకోర్టు 1984లో మహారాష్ట్ర మాధ్యమిక విద్యామండలి కేసులో తెలిపింది. 2017లో రణ్ విజయ్ సింగ్ కేసులో, తప్పు జరిగినదని సుదీర్ఘ తర్కం అవసరం లేకుండా స్పష్టంగా కనిపించే అరుదైన సందర్భాలలోనే కోర్టులు జోక్యం చేసుకోవాలని పేర్కొన్నది. అయినప్పటికీ పత్రం చేతికి రావడం వలన ప్రయోజనం ఉన్నది. దిద్దకుండా వదిలిన జవాబు, కూడికలో దొర్లిన తప్పు వంటివి అందులో కంటికి కనబడతాయి.

క్రమశిక్షణ చర్యలు - సహజ న్యాయం

పరీక్షలో కాపీ కొట్టినట్లు గాని, దుష్ప్రవర్తనకు పాల్పడినట్లు గాని ఆరోపణ వచ్చిన విద్యార్థిని శిక్షించే ముందు అతని వాదన వినాలన్నది సహజ న్యాయ సూత్రం. కొందరు విద్యార్థుల ఫలితాలను ఉత్తరప్రదేశ్ పరీక్షా మండలి వారి వాదన వినకుండా రద్దు చేయగా, అది చెల్లదని 1962లో ఘనశ్యామ్ దాస్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అయితే ఈ సూత్రానికి పరిమితులున్నాయి. ఒక కేంద్రంలో పరీక్ష మొత్తాన్ని సామూహిక కాపీయింగ్ కారణంగా రద్దు చేసినప్పుడు ఒక్కొక్క విద్యార్థిని విచారించనవసరం లేదని 1970లో బీహార్ కేసులో కోర్టు పేర్కొన్నది. రాంచీలోని ఒక వైద్య కళాశాలలో బాలికల వసతి గృహంలోకి చొరబడి అసభ్యంగా ప్రవర్తించిన విద్యార్థుల విషయంలో, ఫిర్యాదు చేసిన బాలికలను నిందితుల ఎదుట ప్రశ్నించకపోవడం తప్పు కాదని 1973లో నిర్ణయించింది. న్యాయమైన విచారణ ఇరుపక్షాలకూ రక్షణగా ఉండాలని ఈ తీర్పులను కలిపి చూస్తే అర్థమవుతుంది.

విద్యార్థులు వినియోగదారుల ఫోరాలను ఆశ్రయించడం కూడా ఉన్నది. పరీక్షలు నిర్వహించడం వినియోగదారుల చట్టం క్రింద సేవ కాదని 2009లో, విద్య సరుకు కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పిన తరువాత ఈ మార్గం ఇరుకైనది.

తెలుగు ప్రాంతాలలో ఉద్యమాలు

ఫిర్యాదు చెప్పుకొనే మార్గాలు పనిచేయనప్పుడు అసంతృప్తి ఆందోళనగా మారిన సందర్భాలు తెలుగు ప్రాంతాలలో ఉన్నాయి. 2015లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను వసతి గృహాల నుండి బహిష్కరించింది. వారిలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న మరణించిన పిదప దేశవ్యాప్తంగా విద్యార్థులు నిరసన తెలిపారు. విద్యాసంస్థలలో కులవివక్ష నివారణకు యు.జి.సి. 2012లో చేసిన నిబంధనలు అమలు కావడం లేదంటూ ఆయన తల్లి రాధికా వేముల, మహారాష్ట్రకు చెందిన వైద్య విద్యార్థిని పాయల్ తడ్వి తల్లి ఆబెదా తడ్వి 2019లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు.

2022 జూన్‌లో నిర్మల్ జిల్లా బాసరలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో వేలాది విద్యార్థులు ఎండనక వాననక సుమారు వారం రోజులపాటు బైఠాయించారు. పూర్తికాల ఉపకులపతిని నియమించాలని, అధ్యాపకుల కొరత తీర్చాలని, భోజనం, వసతులు మెరుగుపరచాలని వారు కోరారు. రాష్ట్ర విద్యాశాఖ మంత్రి వచ్చి చర్చలు జరిపిన తరువాత ఆందోళన విరమించారు. ఆ కోరికలలో పలు అంశాలు ఏ సంస్థలోనైనా కార్యాలయ స్థాయిలోనే పరిశీలించదగినవి.

ఉభయ తెలుగు రాష్ట్రాలలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకానికి సంబంధించిన సమస్య కూడా తరచుగా ఎదురవుతుంది. ప్రభుత్వం నుండి రావలసిన సొమ్ము ఆలస్యమైనప్పుడు కొన్ని కళాశాలలు విద్యార్థులనే ఫీజు కట్టమని కోరడం, టి.సి., మార్కుల మెమోలు నిలిపివేయడం జరిగింది. బకాయి ప్రభుత్వానికీ కళాశాలకూ మధ్యది కాగా, ఉద్యోగమో పై చదువో చేజారేది విద్యార్థికి. అసలు ధృవపత్రాలను తమ వద్ద ఉంచుకోరాదని యు.జి.సి. 2018లో సంస్థలను ఆదేశించింది.

విమర్శలు

కమిటీ సభ్యులందరూ అదే సంస్థకు చెందిన అధ్యాపకులు కావడం, అంబుడ్స్‌పర్సన్‌ను కూడా విశ్వవిద్యాలయమే నియమించడం ప్రధాన విమర్శలు. విద్యార్థి ప్రతినిధి ఆహ్వానితుడు మాత్రమే, కోరం లెక్కలో అతను చేరడు. ఇంగ్లండు, వేల్స్‌లలో 2004 నాటి ఉన్నత విద్యా చట్టం ప్రకారం విశ్వవిద్యాలయాలకు వెలుపల ఒక స్వతంత్ర సంస్థ విద్యార్థుల ఫిర్యాదులను సమీక్షిస్తుంది.

అమలు మరొక సమస్య. అంబుడ్స్‌పర్సన్‌ను నియమించని విశ్వవిద్యాలయాల పేర్లను యు.జి.సి. 2024లో బహిరంగంగా ప్రకటించింది. ఆ ఏడాది జూన్‌లో విడుదలైన జాబితాలో 157 పేర్లున్నాయి. నిబంధనలు పాటించని సంస్థల నిధులు నిలిపివేయడం, గుర్తింపు విషయమై సిఫారసు చేయడం వంటి అధికారాలు యు.జి.సి.కి ఉన్నాయి. అయితే నిధులు ఆగితే నష్టపోయేవారిలో విద్యార్థులు కూడా ఉంటారు కనుక ఈ శిక్షలను ప్రయోగించడం సులభం కాదు.

ఫిర్యాదు చేసినవారిపై కక్ష సాధింపు జరుగుతుందన్న భయం కూడా వ్యవస్థ వినియోగానికి ఆటంకం. అందువలన తేదీతో కూడిన వ్రాతపూర్వక ఫిర్యాదు, దాని రసీదు, గడువుల లెక్క విద్యార్థికి ముఖ్యమైన ఆధారాలవుతాయి. గడువులోగా కమిటీ పరిష్కరించని ఫిర్యాదు అంబుడ్స్‌పర్సన్ వద్దకు వెళ్ళవలసి ఉన్నందున, మొదటి తేదీకి రుజువు లేకపోతే రెండవ అంచె చేరడం కష్టమవుతుంది.

ఇవి కూడా చూడండి

* సమాచార హక్కు చట్టం
* విశ్వవిద్యాలయ నిధుల సంఘం
* ర్యాగింగ్
* సుప్రీంకోర్టు