ట్రాక్టర్లకు స్వయంచాలిత స్టీరింగ్: నెల్లూరు తీర ప్రాంత రైతుకు గిట్టుబాటు అగునా?

ఉపగ్రహ సంకేతముల ఆధారంగా ట్రాక్టరును తిన్నని సాలులో నడిపించు స్వయంచాలిత స్టీరింగ్ పరికరములు ఇప్పుడు మన దేశంలోను లభించుచున్నవి. అమెరికాలో మొక్కజొన్న, ప్రత్తి, వరి, సోయా వంటి ప్రధాన పంటల విస్తీర్ణంలో సగానికి మించి ఇట్టి మార్గదర్శక పరికరములతోనే సాగగుచున్నది. అచ్చట లాభసాటిగా నున్న పరికరము నెల్లూరు తీరమున కూడ లాభమిచ్చునా యన్నది వేరొక ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతము 2015-16 వ్యవసాయ గణన ప్రకారం 0.94 హెక్టారు మాత్రమే. కావున కొనుటకు ముందు లెక్క వేసికొనుట అవసరము.

పరికరము పనిచేయు విధానము

ట్రాక్టరు పైకప్పు మీద అమర్చిన ఏంటెనా ఉపగ్రహముల సంకేతములను గ్రహించును. రైతు మొదటి సాలును నిర్ణయించిన పిమ్మట, యంత్రపు వెడల్పును బట్టి మిగిలిన సాళ్ళను కంప్యూటరు గీసికొని, స్టీరింగ్ చక్రమునకు బిగించిన మోటారు ద్వారా ట్రాక్టరును ఆ గీత వెంబడి నడుపును. మలుపులలోను, గట్ల ప్రక్కన సాళ్ళలోను సాధారణంగా డ్రైవరే నడుపవలెను.

సాధారణ జి.పి.ఎస్. సంకేతములో కొన్ని మీటర్ల తేడా ఉండును. సాళ్ళు తీయుటకు ఇది పనికిరాదు. ఆధార కేంద్రము నుండి సవరణ సంకేతమును అందుకొను ఆర్.టి.కె. పద్ధతిలో ఈ తేడా 2 నుండి 3 సెంటీమీటర్లకు తగ్గును. 2020 డిసెంబరులో రాష్ట్రమున ప్రారంభమైన భూముల పునఃసర్వే ఇట్టి నిరంతర ఆధార కేంద్రముల సహాయముతోనే సాగినది. అనగా ఈ పరిజ్ఞానము మన పల్లెలకు కొత్తది కాదు. మన నావిక్ వ్యవస్థలోని తొలి ఉపగ్రహము కూడ 2013 జులై 1న నెల్లూరును ఆనుకొని యున్న శ్రీహరికోట నుండియే ప్రయోగింపబడినది.

అయినను ఒక పరిమితి కలదు. మన ప్రాంతము భూ అయస్కాంత రేఖకు సమీపమున నున్నందున, సూర్యాస్తమయము తరువాత అయనోవరణములో కలుగు అలజడి వలన కొన్ని రాత్రులు సంకేతము చెదరును. సూర్యుని మచ్చలు అధికముగా నుండు సంవత్సరములలో, మార్చి, సెప్టెంబరు మాసములకు అటునిటు ఇది ఎక్కువ. దమ్ము పనులు రాత్రివేళ కూడ సాగించువారు దీనిని గమనింపవలెను.

వ్యయము

ఉదాహరణకు పరికరము ధర 3 లక్షల రూపాయలు, ఆయుర్దాయము 8 సంవత్సరములు, చివరి విలువ 10 శాతము అనుకొందము. ఏటా తరుగుదల 33,750 రూపాయలు. సగటు పెట్టుబడిపై 10 శాతము వడ్డీ 16,500 రూపాయలు. మరమ్మతులకు, సవరణ సంకేతపు చందాకు 9,750 రూపాయలు కలిపినచో సాలుకు 60,000 రూపాయలు ఖర్చగును. పరికరము పనిచేసినను, షెడ్డులో నున్నను ఈ ఖర్చులో అధిక భాగము తప్పదు.

ఆదా

1.8 మీటర్ల రోటవేటరుతో గంటకు 3 కిలోమీటర్ల వేగమున దున్నునప్పుడు, చేతితో నడుపు డ్రైవరు ఒక సాలు మీద మరొక సాలును 18 సెంటీమీటర్లు కలిపి దున్నుననుకొందము. తిన్నని సాళ్ళలో ఎకరాకు 50 నిమిషములు పట్టును. ఈ అతివ్యాప్తి 4 సెంటీమీటర్లకు తగ్గినచో 46 నిమిషములు చాలును. డీజిలు, డ్రైవరు, అరుగుదల కలిసి గంటకు 750 రూపాయలైనచో, ఆదా ఎకరాకు 50 రూపాయలు. సాలుకు 60,000 రూపాయలు రావలెనన్న 1,200 ఎకరాలు దున్నవలెను. క్షేత్ర సామర్థ్యము 70 శాతముగా తీసికొన్నచో ఇది సుమారు 1,300 గంటల పని. రబీ, ఎడగారు దుక్కుల కాలమునకు పరిమితమైన ఒక్క ట్రాక్టరుకు ఇది సాధ్యము కాదు.

విత్తనము వేయునప్పుడు లెక్క మారును. వేరుశనగకు ఎకరాకు 60 కిలోల గింజలు, కిలో 120 రూపాయల చొప్పున 7,200 రూపాయలగును. సాళ్ళు ఒకదానిపై నొకటి పడుట వలన వృథా యగు 3 శాతము మిగిలినచో ఆదా 216 రూపాయలు. అప్పుడు 280 ఎకరాలు విత్తిన చాలును. 150 ఎకరాల వేరుశనగ విత్తు, దానితో పాటు సుమారు 550 ఎకరాల దుక్కి దొరికినను ఖర్చు రాబట్టవచ్చును.

స్థానిక పరిస్థితులు

పెన్నా డెల్టాలోని కోవూరు, ఇందుకూరుపేట, విడవలూరు ప్రాంతముల మాగాణి కయ్యలు చిన్నవి. 20 సెంట్ల కయ్యకు ఒక ప్రక్క కొలత సుమారు 28 మీటర్లు. ప్రతి మలుపు తరువాత ట్రాక్టరు గీత మీదికి చేరుటకే కొన్ని మీటర్లు గడచును. దమ్ములో కేజ్ వీల్స్ జారును. అంతేకాక ఒకే చోట పలుమార్లు తొక్కుట దమ్ముకు మేలే కాని నష్టము కాదు. కావున దమ్ము చేయుటకు ఈ పరికరము కొనుట తగదు.

తీరపు ఇసుక నేలలలో పొడవైన చేలు గలవారికి, సాళ్ళలో విత్తి యంత్రముతో అంతరకృషి చేయువారికి ప్రయోజనము కలదు. వరి నాటు యంత్రములలోను తిన్నని వరుసలకు విలువ యున్నది. జపానులో స్వయంచాలిత స్టీరింగ్ గల నాటు యంత్రములు ఇప్పటికే వాడుకలో నున్నవి.

అద్దెకు త్రిప్పు ట్రాక్టరు యజమానులు మరొక సంగతి గుర్తింపవలెను. బాడుగ గంటల లెక్కన యైనచో మిగిలిన కాలము వలన లాభము పొలము రైతుకు పోవును. పెట్టుబడి మాత్రము యజమానిది. ఎకరాల లెక్కన యైననే ఆదా యజమానికి దక్కును.

సూచనలు

1. సొంత పొలము మాత్రమే దున్నుకొను చిన్న, సన్నకారు రైతులు ఈ పరికరము కొనవలదు. విత్తన గొర్రుకు మార్కర్ కడ్డీ అమర్చుకొన్నచో స్వల్ప ఖర్చుతో సాళ్ళు సరిగా వచ్చును.

2. మాగాణి రైతులు ముందుగా లేజర్ పరికరముతో నేల చదును చేయించుకొనవలెను. నీరు, ఎరువు సమముగా పారుట వలన కలుగు మేలు తిన్నని సాలు వలన కలుగు మేలుకన్న అధికము. దీనిని బాడుగకు చేయించుకొనవచ్చును.

3. రైతు ఉత్పత్తిదారుల సంఘములు, అద్దె యంత్ర కేంద్రములు పైన చూపిన ఎకరాల లెక్కను తమ ధరలతో తిరిగి వేసికొని, తగిన పని ముందుగా కుదిరిన పిమ్మటనే కొనవలెను. ఒక ట్రాక్టరు నుండి మరొకదానికి మార్చి బిగించుకొను నమూనాను ఎంచుకొనుట మేలు.

4. ట్రాక్టరుకు పవర్ స్టీరింగ్ ఉన్నదా, పొలములో మొబైలు సంకేతము అందుచున్నదా యని కొనుటకు ముందే పరీక్షింపవలెను. సముద్రపు ఉప్పుగాలికి తీగల అతుకులు తుప్పుపట్టకుండ కాపాడవలెను.

నేటి పరిస్థితిలో ఈ పరికరము విడి రైతుకు గిట్టుబాటు కాదు. విత్తుట, అంతరకృషి పనులు విస్తారముగా చేయు సంఘములకు గిట్టుబాటు కాగలదు. కమతపు విస్తీర్ణముకన్న, సాలు పొడవు, ఏటా చేయు పని, బాడుగ లెక్క అను మూడింటిని బట్టియే నిర్ణయము తీసికొనవలెను.