మెదడులో రక్తనాళాల చిక్కుముడి

పరీక్షల రోజుల్లో తలనొప్పి రాని విద్యార్థి అరుదు. నిద్ర చాలక, వేళకు తినక, కళ్లజోడు సరిపోక వచ్చేదే ఎక్కువ. కానీ ఎప్పుడో ఒకరి విషయంలో అసలు కారణం వేరే ఉంటుంది. అది తల్లిదండ్రులు తెలుసుకోవలసినది.

రుషికుల్య కాలువ కింద సేద్యం చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. పెద్ద కాలువ నుంచి నీరు పిల్లకాలువల్లోకి, అక్కడి నుంచి మళ్లలోకి పారి, జోరు తగ్గాకే మురుగు కాలువ చేరుతుంది. మెదడులోనూ ధమనుల రక్తం సన్నని కేశనాళికల గుండా సాగి, ఒత్తిడి తగ్గి సిరల్లోకి వెళుతుంది. కొందరిలో ఒకచోట ఈ కేశనాళికలు ఏర్పడవు. ధమనులు నేరుగా సిరలతో ముడిపడి చిక్కుపడతాయి. ఆ జోరుకు సిర గోడ చిట్లవచ్చు. దీన్నే వైద్యులు ఎ.వి.ఎం. అంటారు. చాలావరకు పుట్టుకతో వచ్చేదే. ఎక్కువ చదవడం వల్ల రాదు. ఏడాదికి నూటికి ఇద్దరి నుంచి నలుగురిలో రక్తస్రావం కావచ్చు.

కొందరిలో మొదట కనిపించేది మూర్ఛ. మన వీధుల్లో వెంటనే చేతిలో తాళాలు పెడతారు. దాని వల్ల ఒరిగేదేమీ లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. అయిదు నిమిషాలకు ఆగకపోయినా, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పితో వాంతులైనా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా 108కి ఫోన్ చేయండి. ఇంట్లో ఉన్న మాత్ర, ముఖ్యంగా ఆస్పిరిన్, వేయకండి.

ఛత్రపూర్ వారికి బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఇరవై పైచిలుకు కిలోమీటర్లే. రక్తం కారిందో లేదో సి.టి. స్కాన్ చెబుతుంది. చిక్కుముడి పూర్తి రూపం తెలియాలంటే యాంజియోగ్రామ్ కావాలి. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మొనిజ్ కనిపెట్టిన పద్ధతి అది. ఒకప్పుడు తల ఆపరేషన్ అంటే మనవాళ్లు మద్రాసో, వెల్లూరో పోవలసి వచ్చేది. 1956లో డాక్టర్ ఎస్. బాలపరమేశ్వరరావు విశాఖలో న్యూరోసర్జరీ విభాగం ప్రారంభించాక ఆ దూరం తగ్గింది.

చికిత్స మూడు రకాలు: ఆపరేషన్ చేసి తీసివేయడం, సన్నని గొట్టం పంపి జిగురులాంటి మందుతో మూయడం, గామా నైఫ్ కిరణాలు. కిరణాలు మూడు సెంటీమీటర్ల లోపు చిక్కుముడులకు బాగా పనిచేస్తాయి గాని, అది మూసుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది, అంతవరకు ప్రమాదం ఉండనే ఉంటుంది. ఇంతవరకు చిట్లని వాటిని ముట్టుకోకుండా మందులతో కనిపెట్టి ఉండడమే మేలని 2014లో వెలువడిన అరూబా పరిశోధన తేల్చింది. అందులో రోగులను గమనించిన కాలం తక్కువని కొందరు ఒప్పుకోరు. ఏమైనా, "ఇప్పుడే ఆపరేషన్ వద్దు" అన్న డాక్టరును అనుమానించనక్కరలేదు.

ఖర్చుకు భయపడి ఆలస్యం చేయకండి. ఒడిశాలో 2025లో మొదలైన ఆయుష్మాన్ భారత్–గోపబంధు జన ఆరోగ్య యోజన కార్డు మీద కుటుంబానికి ఏటా 5 లక్షలు, స్త్రీలకు అదనంగా మరో 5 లక్షల వరకు వర్తిస్తుంది. విశాఖ వెళ్లేట్టయితే ఆ ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో ముందే అడగండి.

మూర్ఛ మందులు వాడే పిల్లను బడి మాన్పించనక్కరలేదు. చెరువు స్నానానికి మాత్రం ఒంటరిగా పంపకండి. స్కాన్ ఫిల్ములు, డిశ్చార్జి కాగితాలు మార్కుల జాబితాలతో పాటు ఒకే ఫైలులో భద్రపరచండి.