మీకు తెలుసా? చిప్పగిరిలో విజయదాసు

▪ కన్నడ హరిదాస సాహిత్యంలో అగ్రగణ్యుడైన విజయదాసు (1682–1755) తుదిశ్వాస విడిచింది మన కర్నూలు జిల్లా చిప్పగిరిలోనే. పుట్టింది రాయచూరు జిల్లా చీకలపర్విలో.

▪ పురందరదాసు (1484–1564) కలలో కనిపించి విజయదాసుకు 'విజయవిఠల' అనే అంకితనామం (ముద్ర) ప్రసాదించారని హరిదాసుల నమ్మకం. ఆ ముద్రతోనే ఆయన పాటలు ముగుస్తాయి.

▪ సుళాదులనే కీర్తనల రచనలో ఆయనది అందె వేసిన చేయి. ఒకే సుళాదిలో ఒక్కో భాగం ఒక్కో తాళంలో నడుస్తుంది. వినేటప్పుడు చేత్తో తాళం వేసి చూడండి, ఎక్కడ మారిందో ఇట్టే తెలిసిపోతుంది.

▪ ఏటా కార్తీక శుద్ధ దశమినాడు, అంటే దీపావళి వెళ్లిన పది రోజులకు, ఇక్కడ ఆరాధన జరుగుతుంది. కర్ణాటక నుంచీ భక్తులు వస్తారు.

▪ ఎలా వెళ్లాలి? దగ్గరి పెద్ద రైల్వే జంక్షన్ గుంతకల్లు. ఆ పక్కనే కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి దర్శనం చేసుకోవచ్చు. మళ్లీ గుంతకల్లులో రాయచూరు వైపు రైలెక్కితే ఆదోని మీదుగా మంత్రాలయం రోడ్ స్టేషన్ చేరవచ్చు. మంత్రాలయం వెళ్లే ప్రతి కుటుంబమూ చిప్పగిరికి ఒక పూట కేటాయించాలి.