మీకు తెలుసా? ఉప్పాడ చేపకు సరిపోయే విమానం

ఉప్పాడ నుంచి విమానంలో వెళ్లాల్సిన సరుకు ఏదంటే చాలామందికి ముందు జాందానీ చీరే గుర్తొస్తుంది. బరువు తక్కువ, ఖరీదు ఎక్కువ, 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ వారాల తరబడి మగ్గం మీదున్న చీర ఇంకో రాత్రి లారీలో ఉంటే చెడిపోయేదేమీ లేదు. గంటలు లెక్కపెట్టుకోవాల్సింది ఐసులోని చేపకే. పెద్ద విమానం నింపలేని ఇలాంటి లోడ్ల కోసమే రెండు టర్బోప్రాప్ ఇంజన్ల సెస్నా స్కైకొరియర్ వచ్చింది. సుమారు 2,700 కిలోలు మోస్తుంది. ఫెడెక్స్ 2017లోనే 50 విమానాలకు ఆర్డరిచ్చి, 2022లో మొదటిది అందుకుంది. మన దేశంలో హెచ్‌ఏఎల్ కాన్పూరులో తయారుచేసే 19 సీట్ల డోర్నియర్ 228 కూడా దాదాపు ఈ కోవదే.

లారీ చవక కదా, మధురపూడి విమానాశ్రయానికి వచ్చే ప్రయాణికుల విమానాల్లోనే సరుకు వేయొచ్చు కదా అంటారు. చవకన్నది నిజమే, చాలా సరుకులకు లారీయే మేలు కూడా. అయితే ప్రయాణికుల విమానం వేళలు పడవలు ఒడ్డుకు చేరే వేళను బట్టి మారవు. నా దృష్టిలో అసలు చిక్కు తిరుగు ప్రయాణానిది: చేపలతో వెళ్లిన విమానం ఖాళీగా వస్తే గిట్టదు. ఫెడెక్స్‌కు పార్సిళ్లు రెండు వైపులా ఉంటాయి. ఇక్కడా కొరియర్ సంస్థలు, మందుల పంపిణీదారులు తిరుగు లోడుకు ముందే ఒప్పుకుంటేనే ఆ విమానం కొనడం గురించి ఆలోచించాలి.