రైలు రద్దయితే టికెట్టు సొమ్ము ఎలా వస్తుంది?

2024 సెప్టెంబరు 1న కుండపోత వానలకు మహబూబాబాద్ జిల్లాలోని కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. కాజీపేట–విజయవాడ మార్గం స్తంభించి వందలాది రైళ్లు రద్దయ్యాయి. బల్లార్షా వైపు నుండి చెన్నై విమానాశ్రయానికి వెళ్లే సరిహద్దు కుటుంబాలకూ ఇదే దారి.

వరద వల్ల రైలు రద్దయితే ఛార్జీ పూర్తిగా తిరిగి ఇస్తారు. తప్పిపోయిన విమానపు ఖర్చు మాత్రం అందులోకి రాదు. వానాకాలంలో ఒకరోజు ముందే బయలుదేరడం మేలు.

ఆన్‌లైన్ టికెట్టు సొమ్ము దానంతటదే ఖాతాకు చేరుతుంది. కౌంటరు టికెట్టుకు ఆ సౌకర్యం లేదు. పల్లెవాసులు నష్టపోయేది ఇక్కడే. రైలు బయలుదేరవలసిన సమయం నుండి మూడు రోజుల లోపల దానిని రిజర్వేషన్ కౌంటరులో అప్పగించవలసి ఉంటుంది. రైలు రద్దు కాక, మూడు గంటలకు మించి ఆలస్యమైనందున ప్రయాణం మానుకుంటే, అది కదలకముందే అప్పగించాలి.